కార్తీక్ పట్టని చేపలు

పిల్లనిచ్చే ముందు అబ్బాయి ఇల్లు చూడాలి. ఇల్లంటే నాలుగు గోడలు, ముందు గేటు, వెనక బోరు ఉంటాయనుకుని బయల్దేరాడు త్రికోటేశ్వరరావు. తీరా చూస్తే అది ముప్పై ఎనిమిది అడుగుల తెరచాప పడవ. ఇండోనేసియాలో తనకు పేరు పలకడం చేతకాని ఒక దీవి పక్కన లంగరేసి ఉంది. కార్తీక్ అందులోనే ఉంటాడు, లాప్‌టాప్ పెట్టుకుని అందులోనే ఉద్యోగం చేస్తాడు. సొంతూరు నాదెండ్ల. త్రికోటేశ్వరరావు కూతురు చందనకు కాలేజీలో పరిచయం.

దాచేపల్లిలో ముప్పై ఏళ్లుగా సున్నపురాయి వ్యాపారం చేస్తున్నవాడు త్రికోటేశ్వరరావు. ఏ సరుకునైనా వంకతోనే చూడటం మొదలుపెడతాడు. పడవ ఎక్కిన అరగంటలో పదకొండు వంకలు తేలాయి. తలుపు చిన్నది. దొడ్డి లేదు. గాలి మారితే వాకిలే మారిపోతోంది.

"దీనికి వాస్తు ఎట్టా చూసేది?" అని భార్యను అడిగాడు.

"తిరుగుతానే ఉందిగదయ్యా. రోజులో ఒక్కసారన్నా తూర్పుకొస్తది," అంది వీరరాఘవమ్మ. ఆమెకు అబ్బాయి అప్పటికే నచ్చాడు.

పన్నెండో వంక కార్తీకే చేతికందించాడు.

"రాత్రికి కూర సంగతి చూసుకోనక్కర్లేదు మావయ్యగారూ. కింద పగడపు దిబ్బ ఉంది. ఈటె పట్టుకుని దిగితే పావుగంటలో చేప."

బేరం తెగకముందే మావయ్య అనడం త్రికోటేశ్వరరావుకు రుచించలేదు.

"అయితే దిగు నాయనా. చేపొస్తే మాట్లాడుకుందాం. రాకపోతే రేపు పొద్దున మా ముగ్గురికీ ఫ్లైటుంది."

చందన మొహం పాలిపోయింది. "నాన్నా, ఇయ్యాల..."

"నువ్వుండమ్మా."

కార్తీక్ కళ్లకు అద్దం తగిలించుకుని, రబ్బరు బిగించి వదిలే ఈటెతో దూకాడు. సాయంత్రపు ఎండ నీళ్లమీద మెరుస్తుంటే కింద జరిగేదేమీ కనిపించడం లేదు. త్రికోటేశ్వరరావు లారీలు లెక్కపెట్టినట్టు అంకెలు లెక్కపెట్టాడు. మొదటి మునకలో నలభైకి తేలాడు, ఖాళీ. రెండోసారి యాభై రెండు, ఖాళీ. నాలుగోసారి డెబ్బై దాటాక వీరరాఘవమ్మ కంగారుపడింది.

"చాలించమనయ్యా. ఏదన్నా అయితే వాళ్లమ్మకేం చెప్పుకుంటాం?"

గంటలో ఆరు మునకలు. ఒక్క చేపా లేదు.

"ఏంది నాయనా," అన్నాడు త్రికోటేశ్వరరావు, నిచ్చెనెక్కి వస్తున్న వాణ్ణి చూసి. "మేం వస్తున్నామని చేపలకు ముందే ఫోన్ చేసి చెప్పావా?"

కార్తీక్ మొహం తుడుచుకుని చందన వైపు ఒకసారి చూశాడు.

"రెండు చానా పెద్దవే ఎదురొచ్చాయి మావయ్యగారూ. గురి కూడా పెట్టా. కానీ ఈటె వదల్లేదు. ఇవాళ సోమవారం. కోటప్పకొండ స్వామి పేరు పెట్టుకున్నవారు, సోమవారం నీచు ముట్టరని చందన ఎప్పుడో చెప్పింది. దిగనంటే మీ మాట కాదన్నట్టుంటుందని దిగా."

విమానాలు మారే హడావుడిలో త్రికోటేశ్వరరావుకు వారం లెక్క తప్పింది. జీవితంలో మొదటిసారి.

"చూశావా, నువ్వు మర్చిపోయినా పిల్లాడు మర్చిపోలా," అంటూ వీరరాఘవమ్మ కళ్లొత్తుకుంది.

త్రికోటేశ్వరరావు ఈటె చేతిలోకి తీసుకున్నాడు. మొన వంగి ఉంది. ముల్లు సందులో తెల్లటి రాతిపలుకు ఇరుక్కుంది. దాన్ని గోటితో లాగి, వేళ్ల మధ్య నలిపి, నాలుకమీద పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల చెయ్యి, ముప్పై ఏళ్ల నాలుక. సున్నపురాయి జాతే, కింద పగడపు దిబ్బదే. వదలని ఈటెలో రాయి ఎట్టా ఇరుక్కుంటుంది?

అబ్బాయి కళ్లలోకి చూశాడు. రెప్ప కదల్లేదు.

కొట్లో గుమాస్తాలు కళ్లముందున్న సరుకు అమ్మడానికే నీళ్లు నములుతారు. వీడు లేని చేపను, అదీ ఒకటి కాదు రెండు, మావయ్య దేవుణ్ణే సాక్షిగా పెట్టి మావయ్యకే అమ్మేశాడు. పిల్ల పస్తుండదు. సముద్రం సంగతి ఎట్టాగున్నా, మనుషుల మధ్య వీడు బతకగలడు.

వేళ్ల మధ్య మిగిలిన పలుకును సముద్రంలోకి విసిరేశాడు.

"ఏమే, తెచ్చిన గోంగూర పచ్చడి తియ్యి. అల్లుడికి ఆకలేస్తుంటది."

కార్తీక్ అప్పుడు ఊపిరి వదిలాడు. అది కూడా త్రికోటేశ్వరరావు లెక్కపెట్టుకున్నాడు.

"రేపు మంగళవారమేగా నాన్నా," అంది చందన సంబరంగా. "రేపు పట్టుకొస్తాడు, తిందువుగాని."

"వద్దులేమ్మా," అన్నాడు త్రికోటేశ్వరరావు. "మంగళవారం కూడా మానేశా. ఇప్పుడే."