రేఖ అరచేతులు

నా నోరు మంచిది కాదని మా పలాసలో అందరికీ తెలుసు. అయినా ఆ రోజు నేను న్యాయంగానే అరిచాను.

మా కోడలు రేఖను నేను పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీలోనే పొట్టు తీసే పనికి పెట్టాను. కొత్తవాళ్ళను మూడు రోజులు చూసి, నచ్చితే ఉంచుకుంటారు. సగంలో ఆగిన నర్సింగ్ చదువు ఈ జీతంతో పూర్తిచేయాలని దాని ఆశ. తీరా కూర్చుంటే పిల్ల అరచేతుల్లో ఒకటే చెమట. తడి తగిలితే పప్పు మెత్తబడిపోతుంది. రెండు రోజుల్లో మేస్త్రి ధనరాజ్ దాని పళ్ళెం మూడుసార్లు తిప్పి పంపాడు. వాడు నాకు స్వయానా అన్న కొడుకు, అయినా పనిలో మేనత్తా లేదు, ఎవరూ లేరు.

మూడో రోజు పోట్లాడి మరీ దాన్ని ఫ్యాను కింద కూర్చోబెట్టాను. పొట్టంతా ఎగిరి ఆడవాళ్ళ జుట్టు నిండా పడింది. అందరిచేతా తిట్లు తిన్నాను. దాని చేతులు మాత్రం ఆరలేదు.

“ఇది ఉక్కపోత సెమట కాదత్తా,” అంది రేఖ. “సర్మం లోపల సన్న గొట్టాలు సుట్టలు సుట్టుకుని ఉంటాయి. నుదుట, ఈపున ఉన్నవి ఒంటి ఏడికి సెమట పోస్తాయి, అది ఆరితే ఒళ్ళు సల్లబడతాది. అరసేతుల్లోవి బయానికి పోస్తాయి. మేస్త్రొచ్చి ఎనకాల నిలబడితే సాలు.”

అప్పుడే ధనరాజ్ వచ్చి నిలబడనే నిలబడ్డాడు. అంతలో యజమాని కారు గేటులోకి వచ్చింది. వాడు గబగబా అరచేతులు ప్యాంటుకు తుడుచుకోవడం నా కంట పడింది. ఇంకేముంది, లేచి వాడి చెయ్యి పట్టుకున్నాను. తడిసి ముద్దగా ఉంది.

“ఓనరొస్తే నీకేటిరా ఈ సెమట? నీకైతే పర్లేదు, దానికైతే పని రానట్టా?” అని అందరి ముందూ కడిగేశాను.

వాడి మొహం కందిపోయింది. కాసేపటికి వాడికే నవ్వొచ్చింది. పదో తరగతి పరీక్షలో తన చేతి చెమటకు కాగితం తడిసి సిరా అలుక్కుపోయిందని ఒప్పుకున్నాడు. సాయంత్రం దాకా ఇటు రానని వెళ్ళిపోయాడు.

రేఖ కబుర్లలో పడింది. చేతులు ఎప్పుడు ఆరాయో దానికే తెలియదు. సాయంత్రానికి పళ్ళెం నిండా తెల్లని పప్పు, ఒక్కటీ మెత్తబడలేదు. ధనరాజ్ నాలుగు గింజలు కొరికి చూసి, రేపట్నించి పనిలోకి రమ్మన్నాడు.

రేఖ నా రెండు చేతులూ పట్టుకుని పకపకా నవ్వింది.

“నీ సేతులు సూసుకున్నావా అత్తా?”

చూసుకున్నాను. చెమటతో కారిపోతున్నాయి. పొద్దుటినుంచీ దానికంటే నేనే ఎక్కువ భయపడ్డాను మరి.