హ్యాండిల్‌కి అటూ ఇటూ

"సైకిల్ ఎలాగూ తీస్తున్నావు కదమ్మాయ్, వచ్చేటప్పుడు ఇస్త్రీ బట్టలు కూడా పట్టుకొచ్చెయ్" అంది అత్తగారు, గుమ్మంలోంచి రెండో సంచి అందిస్తూ.

మొదటి సంచి అప్పటికే హ్యాండిల్‌కి కుడివైపు వేలాడుతోంది. అది పాలకీ కూరగాయలకీ. ఈ రెండోదాంట్లో మామగారి మందుల చీటీ అడుగున పడి ఉంది. దాన్ని ఎడమవైపు తగిలించి ఆమె బయల్దేరింది.

పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ ఇంట్లో అందరూ మంచివాళ్ళే. పల్లెత్తు మాట అనరు. పని చెప్పినట్టు కూడా చెప్పరు. "సైకిల్ ఎలాగూ ఉందిగా" అంటారు, అంతే. చిత్రమైన మాట అది. అందులో పనీ కనిపించదు, చేసే మనిషీ కనిపించదు. సైకిలే దానంతటది వెళ్ళి, టమాటాలు ఏరుకుని, మందుల షాపులో వరసలో నిలబడి వచ్చేస్తుందన్నట్టు ఉంటుంది. ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ షాపు యజమానికి కూడా ఆ మాట ఎలా అంటుకుందో మరి, సాయంత్రం షట్టర్ దించబోతూ "సైకిల్ ఎలాగూ ఉందిగా తల్లీ, దారిలోనే కదా, ఈ అద్దాలు వాళ్ళింట్లో ఇచ్చేసి పో" అంటాడు. ఆయన ఏ ఇల్లు చెప్తే ఆమె దారి ఆ ఇంటి మీదుగానే వెళ్తుంది. ఆ అద్దాల పెట్టె వెనక క్యారియర్ మీద. ఇన్నిటితో ఆమె ఇల్లు చేరుతుంటే వరండాలో కూర్చున్న మామగారు నవ్వుతారు. "మన కంచరగాడిద వచ్చేసింది!" సైకిల్‌ని అన్నారో తనని అన్నారో ఆమె ఎప్పుడూ అడగలేదు.

అయినా ఆ సైకిలంటే ఆమెకు ప్రాణం. కాలేజీకి తొక్కిన సైకిలే, పుట్టింటి నుంచి పట్టుబట్టి తెచ్చుకుంది. పోస్టాఫీసు దాటాక రోడ్డు పల్లానికి దిగుతుంది. అక్కడ తొక్కక్కర్లేదు. చెవుల పక్కన గాలి, చక్రంలోంచి టిక్కుటిక్కుమంటూ చప్పుడు, ఎవరింట్లోంచో వేగుతున్న ఉల్లిపాయల వాసన. ఆ కాసేపు ఆమె ఎవరి కోడలూ కాదు. ఒక్కోసారి మొగుడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పొద్దున్నే తడి జుట్టుతో, చేతిలో దువ్వెన పెట్టుకునే దువ్వెన కోసం ఇల్లంతా వెతికే మనిషి. ఆ నవ్వు కూడా ఆ పల్లంలోనే. ఇల్లు చేరేసరికి నవ్వే ఓపిక మిగలదు.

పల్లం కింద పెద్ద రోడ్డు, బస్సులు. పోయిన నెల ఓ బస్సు రాసుకుంటూ పోయింది. సంచి చిరిగింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. మొగుడు ఆ మోచేతికి మందు రాస్తూ, ఉఫ్ ఉఫ్‌మని ఊదుతూ, "నాకేమైనా ఇంకో పెళ్ళాం ఉందనుకున్నావా?" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత అతను నవ్వు ఆపేశాడు.

"ఇంకోసారి ఇలా అయితే సైకిల్ ఎవరికైనా ఇచ్చేద్దాం. నేనే బండి మీద దింపుతా, నేనే తీసుకొస్తా."

ప్రేమతోనే అన్నాడు. ఆ ప్రేమలో ఆమెకు కనిపించింది మాత్రం షట్టర్ దించేసిన షాపు, దాని ముందు నిలబడి అతని పని ఎప్పుడు తెములుతుందా అని రోడ్డుకేసి చూస్తున్న తను. బండి మీద అదే పల్లం దిగినా, గాలంతా ముందు కూర్చున్నవాడిదే.

అందుకే, నగరం రోడ్ల ఆఫీసులో ఇంజనీరైన అతనికి ఆ పెద్ద రోడ్డు పక్కనే సైకిల్ బాట వేసే పని అప్పగించారని తెలిసినప్పుడు ఎగిరి గంతేసింది. బాటకీ బస్సులకీ మధ్య చిన్న గోడ. మోటారు సైకిళ్ళు దూరకుండా బాటలోకి దిగే ప్రతిచోటా రెండు ఇనప స్తంభాలు. స్తంభాల మధ్య ఎంత సందు వదలాలో చూడ్డానికి ఓ ఆదివారం అతను ఆమె సైకిలే తీసుకెళ్ళాడు. వెనకవైపు బట్టలు ఉతుకుతున్న ఆమెకు అంతా కనిపించింది. హ్యాండిల్‌కి ఉన్న సంచులు రెండూ తీసి, "ఇవెందుకు అడ్డం" అంటూ తలుపు గడియకి తగిలించి, ఎప్పుడూ దగ్గరుండే కొలత టేపు జేబులో దోపుకుని, ఈల వేసుకుంటూ ఎక్కాడు. ఎంత ముద్దొచ్చాడో! నురగ చేతులతోనే టాటా చెప్పింది.

బాట పూర్తయిన సాయంత్రం, ఎవరూ తొక్కకముందే తొక్కాలని ఆశపడి ఆమె అటు తిప్పింది. మొదటి స్తంభాల దగ్గరే సంచులు రెండూ చెరో స్తంభానికీ తట్టుకుని సైకిల్ ఆగిపోయింది. టమాటాలు దొర్లాయి. దిగి, సంచులు తీసి, సైకిల్‌ని అవతలికి నెట్టి, సంచుల కోసం వెనక్కొచ్చి, మళ్ళీ తగిలించుకుని, కాస్త దూరం వెళ్ళేసరికి ఇంకో జత స్తంభాలు. వెనక నుంచి ఎవరో గంట కొడుతున్నారు. ఆమె మళ్ళీ పెద్ద రోడ్డు మీద బస్సుల మధ్యకే వచ్చేసింది. చెక్కుకుపోయిన మోచెయ్యి మానింది గానీ, బస్సు చప్పుడు వినగానే ఇంకా ముడుచుకుంటోంది.

అన్నాల దగ్గర చెప్పింది. నలుగురిలో అతన్ని 'మీరు' అంటుంది.

"మీ స్తంభాల మధ్య నా సైకిల్ పట్టట్లేదండీ."

"పట్టకపోవడమేమిటి? నీ సైకిలే కదా కొలిచింది!"

"అప్పుడు సంచులు లేవు."

"సంచులు సైకిల్లో భాగమా ఏంటి?"

"వెనక కట్టుకోరాదూ?" అన్నారు మామగారు.

"వెనక షాపు పెట్టె ఉంటుంది మామయ్యా."

"పోనీ రెండుసార్లు వెళ్ళిరామ్మా" అంది అత్తగారు, పెరుగు వడ్డించుకుంటూ. "సైకిల్ ఎలాగూ ఉందిగా."

ఒక సంచి నేను తెస్తానని ఎవరూ అనలేదు. అనలేదన్న సంగతి కూడా వాళ్ళకు తెలియదు.

గదిలోకి వచ్చాక అడిగింది. "అవి తీసి మళ్ళీ పెట్టించలేవా నువ్వు?"

"సిమెంటు పోసేశాం పిచ్చీ. నీ ఒక్కదాని సంచుల కోసం పైవాళ్ళకి ఏం చెప్పమంటావు?" ఆమె ముక్కు పట్టి ఊపాడు. "అదొదిలెయ్. నీకో మంచి కబురు. శుక్రవారం సాయంత్రం ప్రారంభం. కొలిచింది నీ సైకిలేగా, మొదట తొక్కేది నువ్వే! ఫొటో కూడా. ఆర్భాటాలేం వద్దు, ఆవిడ రోజూ ఇంటికి ఎలా వెళ్తారో అలాగే రమ్మనండి అన్నారు పెద్దాఫీసరు." మళ్ళీ తనే అన్నాడు. "ఆ ఒక్కరోజుకీ సంచుల గోల పెట్టుకోకే. నీలం బట్టలు వేసుకో, బావుంటావు."

నా ఒక్కదాని సంచులా, అనుకుంది ఆమె అటు తిరిగి పడుకుని. అందులో ఒక్క టమాటా కూడా తన ఒక్కదానిది కాదు. కూరగాయల కొట్టు ముందు సాయంత్రం గోడకి ఆనించి ఉండే ఆడవాళ్ళ సైకిళ్ళు గుర్తొచ్చాయి. అన్నిటికీ అటొకటి, ఇటొకటి.

శుక్రవారం నీలం బట్టలే వేసుకుంది. పొద్దున బయల్దేరుతుంటే అత్తగారు మురిపెంగా చూసి, "ఫొటోలో నవ్వమ్మాయ్" అంది. అంటూనే సంచులు అందించింది. షాపు యజమాని కూడా "ఇవాళ గొప్పదానివైపోయావే" అని నవ్వి, పెట్టె చేతికిచ్చాడు.

కూరగాయలావిడకి సంగతి ముందే తెలుసు. "ఈ బరువుతో ఫొటో ఏంటి తల్లీ? ఇక్కడ పెట్టి పో, నేను చూస్తుంటా" అంది.

ఆమె ఒక సంచి తీసి కింద పెట్టింది కూడా. ఒక్క సాయంత్రమేగా. అతనికి మంచి పేరొస్తుంది, తనకి ఫొటో మిగులుతుంది. రేపట్నుంచి మళ్ళీ బస్సుల మధ్యనే. ఎప్పుడో ఒకరోజు ఇంకో బస్సు ఇంకాస్త దగ్గరగా రాసుకుంటుంది, మర్నాడు సైకిల్ ఎవరింటికో వెళ్ళిపోతుంది. ఎవరూ కోప్పడరు. మందు రాసి, ఊది, బండి మీద ఎక్కించుకుంటారు.

వంగి సంచి తీసి మళ్ళీ తగిలించింది.

"బరువు కదమ్మా!" అంది కూరగాయలావిడ.

"రోజూ ఎలా వెళ్తానో అలాగే రమ్మన్నారు" అంది ఆమె.

బాట మొదట్లో జనం, కెమెరా, పెద్దాఫీసరు. స్తంభం పక్కన అతను, పొద్దున తను దువ్విన పాపిడితో. ఆమె రావడం చూసి మొహం వెలిగిపోయింది. సంచులు చూసి ఆరిపోయింది. ఆమె అది చూసింది. అయినా తొక్కడం ఆపలేదు. సంచులు రెండూ స్తంభాలకి తట్టుకున్నాయి, సైకిల్ ఆగింది. కాళ్ళు నేలకి ఆనించి ఆమె అలాగే నిలబడింది. చప్పట్లు కొట్టబోయిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"ఇవాళ ఇన్ని సంచులెందుకమ్మా?" అన్నారు పెద్దాఫీసరు.

"రోజూ ఇన్నే సార్."

అతను ఒక్క అంగలో వచ్చాడు. చెవులు ఎర్రబడిపోయాయి. ఎవరికీ వినపడకుండా "నా పరువు తియ్యకు, ముందు అవి దించు" అంటూ తనే కుడివైపు సంచి మీద చెయ్యి వేశాడు.

ఆమె ఆ చేతి మీద తన చెయ్యి పెట్టి ఆపింది. అతనంటే ఎంతిష్టమో ఆ క్షణంలో కూడా తెలుస్తూనే ఉంది. ఒళ్ళంతా అలసటగా ఉంది. నలుగురూ వింటున్నారని తెలిసే, మామూలు గొంతుతోనే అంది.

"దించకు. జేబులో టేపుందిగా. ఇప్పుడు కొలిచి చూడు."