నల్ల క్లిప్పు

మా ఆయన బండ్లకు కరెంటు పని చేస్తాడు. వీధిలో అందరూ ఆయన్ని "కరెంటూ" అనే పిలుస్తారు. చేతిలో రెండు వైర్లుంటే చాలు, అరచేతిలో వైకుంఠం చూపిస్తాడు. ఈసారి నాకూ చూపించాడు.

పిల్లది పుట్టకముందు నేను ఫోటో ఫ్రేములు చేసేదాన్ని. దాని చదువు ఒక దారిలో పడ్డాక, మళ్లీ పనిలోకి తీసుకోమని మా పాత మేస్త్రిని అడిగాను. "సోమవారం రామ్మా. నీ చిత్రిక నువ్వే తెచ్చుకో," అన్నాడు. కొత్త పనిముట్లతో వచ్చేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మంట. ముందు పనిముట్టు చూస్తాడు, తర్వాతే మనిషి ముఖం. చెక్క నునుపు చేసే నా చిత్రికేమో అటక మీద డబ్బాలో ఉంది. దాని బ్లేడు, పైన అమర్చే రేకు, బిగించే మర, అన్నీ తుప్పు పట్టిపోయాయి.

"గీకకు, పాడవుద్ది. కరెంటు పెడితే తుప్పు దానంతటదే ఊడిపోద్ది," అన్నాడు మా ఆయన. ఆదివారం పొద్దున్నే షాపు నుంచి బ్యాటరీ చార్జరు పంపించి, ఫోనులో పాఠం చెప్పాడు. ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు, అందులో వాషింగ్ సోడా. ఒక పక్క పనికిరాని ఇనప ముక్క, దానికి ఎర్ర క్లిప్పు. ఇంకో పక్క తుప్పు వదలాల్సిన వస్తువు, దానికి నల్ల క్లిప్పు.

"నల్లదే బ్లేడుకి! మర్చిపోకు."

"నాకేం చెవుడు లేదు. బ్లేడుకి నల్లది."

ఊడిపోయి తుప్పు పట్టిన తలుపు బందు ఒకటి దొరికితే దానికి ఎర్రది తగిలించాను. ముందు బ్లేడు ఒక్కటే వేసి స్విచ్చి నొక్కాను. నీళ్లు బుసబుసా పొంగాయి. అది చూసి మా ఆయన మీద ప్రేమ కూడా పొంగింది, అబద్ధమెందుకు.

మధ్యాహ్నం స్విచ్చి ఆపి రెండూ బయటికి తీశాను. చెత్తలో వేయాల్సిన బందుకి తుప్పంతా పోయింది. నా బ్లేడు అంచు ఎలుకలు కొరికినట్టు ఉంది.

భోజనానికి వచ్చిన మా ఆయన బ్లేడు చూసి ఎగిరాడు. "ఎన్నిసార్లు చెప్పాను? తిరగేసి పెట్టావు!"

"నల్లదే పెట్టాను. వచ్చి చూడు!"

చూశాడు. చార్జరు చూడగానే తెల్లముఖం వేశాడు. "అయ్యో, షాపు కుర్రాడు ఈ పాతది పంపించాడా! అడిగి పట్టుకెళ్లినోళ్లు తిరిగివ్వట్లేదని దీని క్లిప్పుల ఎర్ర, నల్ల తొడుగులు నేనే అటుదిటు మార్చాను. బ్యాటరీకి పెట్టగానే నిప్పులు వస్తే హడలిపోయి తెచ్చిస్తారని. షాపులో అందరికీ తెలుసు."

"నేను నీ షాపులో పనిచేస్తున్నానా?"

చేతులు కడుక్కొచ్చి పీట మీద కూర్చున్నాడు. తర్వాత, "పోనీ వచ్చే నెల వెళ్లు. ఇన్నేళ్లు ఆగావుగా," అన్నాడు.

బ్లేడు పోయినందుకు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. ఆయనకు అన్నం పెట్టలేదు. సానరాయి ముందేసుకుని, గుంటలన్నీ పోయేదాకా అరగదీశాను. సాయంత్రానికి బొటనవేలంత బ్లేడు మిగిలింది. రేకునీ మరనీ గరుకు కాగితంతో చేత్తోనే రుద్దుకున్నాను. సాయం చేస్తానని దగ్గరికొస్తే ఒక్క చూపు చూశాను, మళ్లీ రాలేదు.

సోమవారం మేస్త్రి నా చిత్రిక విప్పి, బ్లేడుని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన ముఖం విప్పారింది.

"ఇంత పొట్టిగా అరిగిందంటే ఒక్కరోజు కూడా కింద పెట్టినట్టు లేవే! ఇంట్లోనే పని చేసుకుంటూ ఉన్నావన్నమాట."

అవునంటే సరిపోయేది. చెడగొట్టి చెడగొట్టి చివరికి మా ఆయన నాకు మేలే చేశాడు. కానీ ఆ చిత్రిక పట్టుకోని ప్రతి ఏడూ నాకు తెలుసు.

"లేదండీ. పిల్లది పెద్దదయ్యేదాకా డబ్బాలోనే ఉంది. దీన్ని నిన్న మా ఆయన తినేశాడు."

మేస్త్రి నవ్వలేదు. బ్లేడు మళ్లీ బిగించి, ఒక చెక్క నా ముందుకు తోశాడు.

చిత్రిక తోశాను, లేచిన మొదటి పొర చిరిగిపోయింది. రెండోదీ అంతే. చెమట తుడుచుకుని తలెత్తితే, ఆయన ఇంకో చెక్క తెచ్చి పక్కన పెడుతున్నాడు.