బోర్డు కింది మనిషి

బాస్కెట్‌బాల్ కోర్టులో బంతి చేతులు మారగానే రిఫరీ ఓబులేసు అవతలి బోర్డు వైపు పరుగెత్తాడు. అతను ముందు చేరితే రెండో రిఫరీ లాల్ అహమ్మద్ మధ్యగీత దాకా వెనకే రావాలి. బంతి మరలితే అహమ్మద్ ముందు, ఓబులేసు వెనక. బావి నీళ్ళు తోడే కపిల ఎద్దుల జతలా ఇద్దరికీ అడుగు అలవాటైపోయింది. ఒకరిది కమలాపురం, ఒకరిది ఎర్రగుంట్ల. ఇద్దరూ డ్రిల్లు మాస్టర్లే.

వాళ్ళ కట్టుబాటు ఒక్కటే. బంతి ఒకరి ముందుంటే రెండోవాడు దాన్ని చూడకూడదు, మిగతా పిల్లల మోచేతులు చూడాలి. అందుకే అహమ్మద్ ముందు పడిన అందమైన గోలు ఒక్కటీ ఓబులేసు చూసెరగడు. జనం కేక వినడమే అతనికి పండగ.

ఇవాళ మాత్రం చూశాడు. అహమ్మద్ వైపు బోర్డు కింద కడప జట్టు కుర్రాడు పడ్డాడు. కర్నూలు వాడు తోశాడని ఓబులేసు మధ్యగీత దగ్గర్నుంచే ఈల ఊదాడు. జనం అహమ్మద్‌ను చూసి గొల్లుమన్నారు.

"ఏం సాయిబూ, నిద్దరపోతాండావా?"

విరామంలో అహమ్మద్ సోడా సగం తాగి పక్కన పెట్టాడు. ముఖమంతా చెమట.

"నా కండ్లు నీ కాడ తాకట్టు పెట్టినానా ఓబులేసూ?"

"తోసినట్టు కనపడె, ఊదితిని. దానికింత కోపమా అన్నా?"

"కాలు జారి పడినాడప్పా వాడు. నువ్వాడ్నించి వీపు చూస్తివి. నేనీడ పాదం చూస్తి."

నిజమేనని ఓబులేసుకు తెలిసింది. 'తప్పే అన్నా' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. ఆట అయ్యాక చెబుదాంలే అనుకున్నాడు.

రెండో సగంలో బంతి ఇవతలికి వచ్చింది. ఓబులేసు తన వైపు చివరి గీత దగ్గరికి చేరి తలెత్తాడు. మధ్యగీత దగ్గర అహమ్మద్ లేడు. ఆ చివర తన బోర్డు స్తంభాన్ని పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

అలిగాడు, అనుకున్నాడు ఓబులేసు. అలగనీ, నేనొక్కణ్ణే చాలు. పంతం కొద్దీ ఉరికాడు. బంతి అహమ్మద్ వైపు పోయినప్పుడల్లా, కట్టుబాటు తప్పకుండా, మోచేతులే చూశాడు.

అహమ్మద్ వైపు బంతి చివరి గీత దాటింది. ఈల మోగలేదు.

అప్పుడు తల తిప్పాడు. అహమ్మద్ స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు. కళ్ళు ఆట వైపే తెరిచి ఉన్నాయి.

"అన్నా, తప్పు నాదే. నువ్వు చూసిందే నిజం. లెయ్ అన్నా."

భుజం పట్టి కుదిపాడు. జట్కా వచ్చేసరికే చెయ్యి చల్లబడిపోయింది.

ఎత్తుకుపోయేటప్పుడు ఊడిన కాన్వాసు బూటు ఒకటి బోర్డు కిందే ఉండిపోయింది. గీతకు జానెడు అవతల, రిఫరీ నిలబడవలసిన చోటనే, ముక్కు ఆట వైపు తిరిగి.