మూడో పెడల్

మా ఆయన వెర్న్ బట్టల కోసం ఈ చలికాలం నేను వేరే బకెట్టు పెట్టాల్సి వచ్చింది. గేర్‌బాక్స్ నూనె మామూలు నూనె కాదు. కొత్తగా ఉన్నప్పుడు చెర్రీ రసంలా ఎర్రగా ఉంటుంది. మాడిపోయాక గోధుమరంగుకి తిరిగి, అడుగంటిన వంట కంపు కొడుతుంది. నేరుగా వాషింగ్ మెషీన్‌లో వేస్తే, తర్వాత వేసిన నా బడి వంటగది ఏప్రన్లకి కూడా అదే కంపు. అందుకని ముందు బకెట్లో నానబెట్టి, చేత్తో రుద్ది, ఆ తర్వాతే మెషీన్‌లో వేసేదాన్ని. "నీ ట్రక్కు కోసమేగా" అనేవాడు వెర్న్, ఓవరాల్ విప్పి గుమ్మంలోనే పడేసి. నిజమే, నా ట్రక్కు కోసమే. కాదని ఎలా అంటాను?

ఆ ట్రక్కు మా నాన్నది. మా టెస్సా పుట్టిన ఏడాది నాకిచ్చాడు. టెస్సా నాకు ఒక్కగానొక్క కూతురు. దాన్ని కనడానికి రెండు రోజులు నొప్పులు పడ్డాను. మంచు తుఫానుకి దారులు మూసుకుపోయి పెద్దాసుపత్రికి చేరలేకపోయాం. బిడ్డ దక్కింది గానీ నా ఎడమ కాలు మోకాలి కింద మొద్దుబారిపోయింది. నరం నలిగిందనీ, నెమ్మదిగా స్పర్శ తిరిగొస్తుందనీ అన్నాడు డాక్టరు. ఇరవై మూడేళ్లయింది, ఇంకా నెమ్మదిగానే ఉంది. మొదటి నెల వెర్న్ నన్ను రెండు చేతుల మీద ఎత్తుకుని స్నానానికి తీసుకెళ్లేవాడు. ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. తర్వాత ఆవులు ఈనే కాలం వచ్చింది, అతనికి ఊపిరి సలపలేదు. నేను బూటు లోపల ప్లాస్టిక్ పట్టా కట్టుకుని, మెట్లెక్కేటప్పుడు కుడికాలూ దిగేటప్పుడు ఎడమకాలూ ముందు వేయడం నేర్చుకున్నాను. ఎవరి పనులూ ఆగలేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

నాన్న ఒక్కడే చూశాడు. ఒకరోజు ఊరికే వచ్చినట్టు వచ్చి, కాఫీ తాగి, తన ట్రక్కు తాళాలు నా చేతిలో పెట్టాడు. "నీ పాత బండి నాకిచ్చెయ్ తల్లీ. ఇది ఆటోమేటిక్, క్లచ్ ఉండదు. ఎడంకాలికి పన్లేదు" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. అప్పట్నుంచీ బడికీ, కొట్టుకీ, ఎప్పుడైనా ఊరికే ఆ గడ్డి మిట్టల మధ్య గంటసేపు తిరిగి రావడానికీ అదే నా బండి. ఆ గంటలో నన్ను ఎవరూ ఏమీ తెమ్మనరు.

పోయిన శరదృతువులో దాని గేరు జారడం మొదలైంది. మిట్ట ఎక్కుతుంటే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం కదలదు. అప్పటికే టెస్సా కడుపుతో ఉంది. అది ఉండేది రెండు గంటల దూరంలో. "అమ్మా, నువ్వు పక్కనుంటేనే కంటాను. లేకపోతే కననంతే" అని ఫోన్‌లో నవ్వింది. వస్తానని మాటిచ్చాను. నా కాన్పులో మా అమ్మ తుఫానుకి అవతల ఉండిపోయింది. నా కూతురికి ఆ గతి పట్టకూడదని నా పంతం.

"గ్యారేజీ వాడికి డబ్బు తగలెయ్యడమెందుకు, నేనున్నాగా" అన్నాడు వెర్న్. గేర్‌బాక్స్ దించి నా వంటింటి బల్లమీద విప్పాడు. రింగులూ స్ప్రింగులూ నా కేకు పళ్లేల్లో, కాలిపోయిన పలకలు నా వెడల్పాటి బేసిన్లో. మేం సింకు దగ్గర నిలబడి తిన్నాం. విప్పడం సులువే, ఇల్లలకగానే పండగ కాదుగా. మా అత్త ఆర్డిత్ ఒక ఆదివారం వచ్చి, నా మొహం చూసి, "మగాడు నీకోసం ఇంత అవస్థ పడుతుంటే మూతి ముడుచుకుంటావేం అమ్మాయ్? వాళ్ల నాన్న నాకు కుట్టుమిషను కూడా బాగుచేసి పెట్టలేదు" అంది. నేను మూతి సర్దుకున్నాను.

ఉన్నట్టుండి ఒకరోజు బల్ల ఖాళీ అయింది. షెడ్డు తలుపుకి తాళం పడింది. "ఇటు రావద్దు. నీ పుట్టినరోజు దాకా ఓపిక పట్టు" అన్నాడు, చిన్నపిల్లాడిలా నవ్వుతూ. గడ్డకట్టే చలిలో, కాంక్రీటు మీద అట్టముక్క పరుచుకుని, సాయంత్రాలన్నీ నా ట్రక్కు కిందే పడుకున్నాడు. చేతులు పగిలి నెత్తురొచ్చేది. నేను మందు రాసేదాన్ని. ఎన్నాళ్లకో నాకోసం ఏదో చేస్తున్నాడనిపించి, రాస్తూ రాస్తూ ఆ చేతుల్ని కాసేపు అలాగే పట్టుకునేదాన్ని.

ఫిబ్రవరిలో నా పుట్టినరోజుకి మా అత్తా, వెర్న్ పేకాట స్నేహితులూ వచ్చారు. షెడ్డు తలుపులు తీశాడు. ట్రక్కు కడిగి మెరుస్తోంది. లోపల నేలమీంచి పొడుగాటి గేరు కర్ర లేచి ఉంది, దాని తలకి ఎర్ర రిబ్బను. కింద మూడు పెడల్స్.

"ఆ పాతది పనికిరాదు, తుక్కులో పడేశా. ఇది అసలైన గేర్‌బాక్స్! ఆటోమేటిక్కు ముసలమ్మలకి, మా మార్వాకెందుకు? పదేళ్లకే గడ్డి ట్రక్కు తోలిన పిల్ల!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి అతను. అయినా ఆ క్షణంలో అతని కళ్లు చూస్తే నాకు ఏడుపొచ్చింది. అంత సంతోషంగా ఉన్నాడు. "తోలి చూపించు" అన్నారెవరో. "మంచి బూట్లు పాడైపోతాయి, రేపు తోల్తాలే" అన్నాను. వెర్న్‌కి ముద్దిచ్చి, కేకు కొయ్యడానికి లోపలికొచ్చాను. కేకు మీద చక్కెర పూలు సర్దుతూ రేపు చెప్పాలి అనుకున్నాను. మర్నాడూ అలాగే అనుకున్నాను. ఏమని చెప్పాలి? నేను కుంటిదాన్ని, నువ్వు మర్చిపోయావు అనా? అతనే గుర్తు చేసుకుంటాడని చూశాను. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొట్టుకి తీసుకెళ్తూ, గేరు మార్చినప్పుడల్లా "విన్నావా, ఎంత మెత్తగా పడుతుందో!" అనేవాడు.

మార్చిలో ఒకరోజు తెల్లవారుతుండగా టెస్సా ఫోన్ చేసింది. "మొదలయ్యాయమ్మా. త్వరగా రా." వెర్న్ ముందురోజే తన బండిలో దూడల్ని వేలానికి తోలుకెళ్లాడు, ఫోన్ ఎత్తడం లేదు. బడిలో నాతో వండే రోండాకి చేస్తే, "మధ్యాహ్నం భోజనాలు కాగానే వచ్చేస్తా, అంతకంటే ముందు కుదర్దే" అంది. పెరట్లో ట్రక్కు ఉంది. నేను ఎక్కాను. ఎడమ కాలిని చేత్తో ఎత్తి క్లచ్ మీద పెట్టి, తొడ బలంతో నొక్కాను. ఎంతవరకు దిగిందో, ఎంత వదిలానో పాదం నాకు చెప్పదు. వంగి చూడాలి. వంగితే దారి కనపడదు. ట్రక్కు ఉలిక్కిపడి ఆగింది. మళ్లీ నొక్కాను, మళ్లీ ఆగింది. చివరికి కదిలి గేటు దాకా వెళ్లింది. అక్కడ పాదం పెడల్ మీంచి జారిపోయింది, జారినట్టు కూడా నాకు తెలియలేదు. ట్రక్కు ఒక్క గెంతు గెంతి గేటు స్తంభాన్ని గుద్దింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని నా కాలిని పిడికిలితో కొట్టాను. కొట్టినా దానికి నొప్పి లేదు.

మిట్ట మధ్యాహ్నం అల్లుడు కోల్బీ ఫోన్ చేశాడు. "ఆడపిల్ల! ఇద్దరూ బాగానే ఉన్నారు. మీకోసం చాలా అడిగింది అత్తయ్యా" అన్నాడు.

ఫోన్ పెట్టేసేసరికి వెర్న్ వచ్చాడు. "బంపరు ఏమైంది? గేటుకి ఎలా గుద్దావ్? ఇంతకీ టెస్సా ఫోన్ చేసిందా?"

"కనేసింది. నేను వెళ్లలేకపోయాను."

"అదేంటి, ట్రక్కుందిగా!"

నేను కుర్చీలో కూర్చుని బూటు విప్పాను. పట్టా విప్పాను. మేజోడు లాగేసి, అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి, కాలు అతని ఒళ్లో పెట్టాను.

"గిల్లు" అన్నాను.

"ఏంటిది మార్వా?"

"గట్టిగా గిల్లు."

కిటికీ వైపు తిరిగాను. బయట మంచు కరిగి చూరు కారుతోంది. కాసేపు చూసి, "గిల్లవేం?" అన్నాను. తిరిగి చూస్తే అతని గోళ్లు నా పాదంలో దిగి ఉన్నాయి. చర్మం కమిలిపోయింది.

"ఇది ఎప్పుడో తగ్గిపోయింది కదా?" అన్నాడు. "మామూలుగానే నడుస్తున్నావుగా."

మామూలుగా నడవడానికి నేను పడిన పాటు ఇంటిపని లాంటిదే. బాగా చేస్తే ఎవరికీ కనపడదు. చెడితేనే కనపడుతుంది.

"ఒక్క మాట చెప్పొచ్చుగా నాకు" అన్నాడు. ఏడుస్తున్నాడు. "రేపే అది పీకేస్తా. ఆటోమేటిక్ ఎక్కడున్నా వెతికి తెస్తా. పద, ముందు టెస్సా దగ్గరికి తీసుకెళ్తా."

"రోండా వస్తోంది, తనతో వెళ్తాను. నువ్వు నా ట్రక్కుని ముట్టుకోకు వెర్న్. ఊళ్లో గ్యారేజీ వాడితో నేనే పెట్టించుకుంటా. ఏం పెట్టాలో వాడు నన్నడుగుతాడు."

ఆసుపత్రిలో టెస్సా మంచం మీద తెల్లగా పాలిపోయి ఉంది. కోల్బీ కిటికీ దగ్గర నిలబడి, నవ్వుతూ అందరికీ ఫోటోలు పంపుతున్నాడు. టెస్సా పిల్లని నా చేతికిచ్చింది. ఇవ్వడానికి కాస్త పక్కకి జరుగుతూ పెదవి కొరుక్కుంది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"లేదమ్మా, బాగానే ఉన్నా. నువ్వేం కంగారుపడకు."

అది నా గొంతు. ఆ మాట, ఆ చిన్న నవ్వుతో సహా, నా దగ్గరే నేర్చుకుంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "కోల్బీ, ఫోన్ పక్కన పెట్టి ఇలా రా నాయనా" అన్నాను. వచ్చాడు. "టెస్సా, ఎక్కడెక్కడ నొప్పో ఒక్కొక్కటే చెప్పు. పైకి చెప్పు. అతను వినాలి."

టెస్సా నా మొహంలోకి చూసింది.

"ముందు నీ కాలి సంగతి నువ్వు చెప్పమ్మా" అంది.