అందించని మాట

మా ఆయన బస్వరాజు నోరు ఊరుకోదు. నారాయణఖేడ్‌లో మా వాడకట్టు శనివారం భజనకు ఆయనే పెద్ద. ఎవరు పాడినా అందరూ వంత పట్టాలి. పాడేవాళ్లు మాట మరిచిపోతే పక్కనున్నవాళ్లు వెంటనే అందించాలి. మరిచిపోయినవాళ్లను ఎవరూ ఏమీ అనరు. తెలిసీ అందించకుండా కూర్చున్నవాణ్ణి మాత్రం మళ్లీ భజనకు పిలవరు.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని హైదరాబాదులో అంత పేరున్న సంగీత మందిరానికి బయల్దేరడం నా బుద్ధి తక్కువ అని దారి పొడుగునా అనుకున్నాను. పోకుండా ఎట్లా? మా చందన అక్కడ సంగీతం చదువుతోంది. ఆ సాయంత్రం పిల్లలంతా తలా ఒక కీర్తన పాడాలి. అందరికంటే బాగా పాడినవాళ్లను ఒక పెద్ద విదుషీమణి తన ఇంట్లో పెట్టుకుని పాట నేర్పుతుంది. దానికోసం మా పిల్ల నెలంతా ఫోన్లో తండ్రికి వినిపిస్తూ సాధన చేసింది. ఈయన కందులు చెరుగుతూ వినేవాడు. రెండో చరణం ఎత్తుకోబోయి అది రోజూ ఆగేది. ఈయన రోజూ మాట అందించేవాడు.

బస్సు దారిలో చెడిపోయింది. ఇంకోటి పట్టుకుని చేరేసరికి పాటలు మొదలయ్యాయి. చందన అప్పటికే లోపలుంది, ఫోన్ ఎత్తలేదు. తలుపు దగ్గరి మనిషి మమ్మల్ని చివరి వరుసలో కూర్చోబెట్టాడు. మెత్తటి కుర్చీలు, చల్లగాలి, చీకటి. అంతమందిలో ఒక్కరు కూడా దగ్గడం లేదు. వీళ్లు పాట వినడానికి వచ్చారా, చావు పలకరింపుకు వచ్చారా అనిపించింది నాకు.

ఎవరో అబ్బాయి పాడుతున్నాడు. పల్లవి రెండోసారి వచ్చేసరికి మా ఆయన గట్టిగా వంత పట్టేశాడు, చేతుల్తో తాళం కూడా. తలలన్నీ వెనక్కు తిరిగాయి. తలుపు మనిషి వచ్చి, ఇంకోసారి నోరు తెరిస్తే బయటికి పంపిస్తానన్నాడు. మెల్లగా, మర్యాదగానే అన్నాడు. అందుకే ఇంకా సిగ్గేసింది.

“నోరు మూసుకొని కూసో. గెంటేస్తే బిడ్డ పాట గూడ వినకుండ పోతం,” అన్నాను ఆయన చెవిలో. తల ఊపాడు.

తర్వాత చందన వచ్చి కూర్చుంది. వెలుగంతా దాని మొహం మీదే. మేము దానికి కనబడే దారే లేదు. పల్లవి బాగా పాడింది. మొదటి చరణం ఇంకా బాగా పాడింది. రెండో చరణం దగ్గర ఆగింది.

మృదంగం నడుస్తూనే ఉంది. పల్లవి మళ్లీ అందుకుని, తిరిగి అక్కడికే వచ్చి ఆగింది. తల తిప్పి ఎడమవైపు చీకట్లోకి చూసింది. భజనలో వాళ్ల నాయన ఎప్పుడూ కూర్చునేది అటే.

ఆ మాట ఆయన గొంతు దాకా వచ్చింది. తలుపు మనిషి మమ్మల్నే చూస్తున్నాడు. ఇక్కడ మాట అందిస్తే పిల్లను మొత్తానికే తప్పిస్తారేమో. ఎవరికి తెలుసు, ఎవరిని అడగాలి? ఆయన కండువా కొస నోట్లో కుక్కుకున్నాడు. నాకేమో ఆ పాట రాదు. నెలంతా విన్నా ఒక్క ముక్క నోటికి రానియ్యలేదు, నా మొహం మండ. వచ్చుంటే నేనే అరిచేదాన్ని.

చందన ఆ చరణం వదిలేసి, దండం పెట్టి లేచిపోయింది. చప్పట్లు కొట్టారు. జాలితో కొట్టారని నాకు కూడా అర్థమైంది.

అంతా అయ్యాక బయట మెట్ల దగ్గర కనబడింది. వేరే పిల్లను ఎంచుకున్నారని చెప్పింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తండ్రి చెయ్యి పట్టుకుంది.

“పాడేటప్పుడు నువ్వు లోపలనే ఉన్నవనుకున్న బాపూ. గాడ ఆగినంక తెలిసింది, నువ్వు రాలేదని.”

ఆయన కండువా కొసను గుప్పిట్లో దాచుకున్నాడు. అది ఇంకా తడిగానే ఉంది.

“బస్సు ఖరాబైంది బిడ్డా,” అన్నాడు. “గిప్పుడే దిగినం.”

నేను కాదనలేదు.