ఏడు గంటల దారి

విమానం అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మంట. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గరున్న మా క్రైస్తవుల పేటకు నేను ఉపదేశిని. ఫాదరుగారు లేనప్పుడు జపాలు చెప్పించేదీ, పోయినవాళ్లను పూడ్చేదీ నేనే. పంతొమ్మిదొందల నలభై ఆరో సంవత్సరం ఎండాకాలంలో హన్నమ్మక్క మంచం పట్టింది. బట్టీల దుమ్ము పీల్చీ పీల్చీ ఆమెకు ఊపిరి ఆడటం లేదు.

ఆమె ఒక్కగానొక్క కొడుకు బాలశౌరి కరాచీలో ఎయిర్‌ఫోర్సు మెకానిక్కు. కిందటి సెలవుకు వచ్చినప్పుడు పేటంతా కోతలు కోస్తూ తిరిగాడు. "కరాచీ నుంచి మద్రాసు పదకొండొందల మైళ్ల పైమాటే. విమానమెక్కితే ఏడే గంటలు. అక్కడ చద్దన్నం తిని ఇక్కడ మాపటి కూడు తినొచ్చు" అన్నాడు.

తల్లికి బాగాలేదని తంతి ఇస్తే, రేపు పొద్దున విమానంలో బయలుదేరుతున్నానని జవాబు వచ్చింది. "ఏడు గంటలేగా, రేపు మాపటికి ఇంట్లో ఉంటాడు" అన్నాడు తండ్రి మరియదాసు. మద్రాసులో దిగాక మిగిలే దారి సంగతి ఒక్కరికీ తట్టలేదు. మాలో గుంటూరు దాటి చూసినవాడెవడు?

మర్నాడు మధ్యాహ్నం ఫాదరుగారు మాచర్ల వెళుతూ మా పేటలో ఆగారు. హన్నమ్మక్కను చూసి, చావు దగ్గర పడినవాళ్లకు జపం చెప్పి రాసే అవస్థ నూనె సీసా బయటికి తీశారు. నుదుట ఆ నూనె పడితే ఇక మనిషి లేవదని మావాళ్లకో పిచ్చి భయం. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడొద్దు సామీ. మాపటికి నా కొడుకు దిగుతాడు. వాణ్ణి కళ్లారా చూసినాక రాయండి."

"నీ పాపాలు నాతో చెప్పుకొని పాపసంకీర్తనమైనా చెయ్యి తల్లీ" అన్నారాయన.

"వాడొచ్చినాక అన్నీ చేస్తా."

నేను బతిమాలాను, కోప్పడ్డాను. "ఏందయ్యా నీ తొందర? పిల్లోడు గాల్లోనే ఉన్నాడు గదా" అని మరియదాసు నన్నే కసిరాడు. ఆదివారం దాకా మాచర్లలోనే ఉంటానని చెప్పి ఫాదరుగారు వెళ్లిపోయారు.

పొద్దుగూకింది. కొడుకు రాలేదు. తెల్లారకముందే ఆమె పోయింది. మాచర్లకు కబురు పంపి ఎదురుచూసే ఎండలు కావవి. ఆ ఉదయమే నేను జపాలు చదివి పూడ్చాను.

సాయంత్రం రైలుకు బాలశౌరి దిగాడు. విమానం నిన్ననే మద్రాసులో దించిందట. అక్కడొక రైలు కోసం, గుంటూరులో ఇంకో రైలు కోసం పడిగాపులు పడ్డాడట. కొత్త మట్టి మీద పడి చానాసేపు ఏడ్చాడు. తర్వాత తలెత్తి, "అమ్మకు అవస్థ నూనె రాశారా నాన్నా?" అని అడిగాడు.

మరియదాసు కొడుకు భుజం పట్టుకున్నాడు. "రాశార్రా. పాపసంకీర్తనం చేసుకొని నెమ్మదిగా పోయింది."

వాడు నావైపు తిరిగాడు. అబద్ధ సాక్ష్యం పలకరాదని పిల్లలకు నేర్పే నోటితోనే అవునన్నాను. నిజం చెబితే ఆ బరువు వాడు బతికినన్నాళ్లూ మోస్తాడు.

బాలశౌరి కళ్లు తుడుచుకున్నాడు. "నేను చెయ్యలేంది ఫాదరుగారు చేశారు. పొద్దున రైలుకు మాచర్ల పోయి ఆయన కాళ్లకు దండం పెట్టొస్తా" అన్నాడు.

వాణ్ణి ఆపడానికి మా ఇద్దరికీ ఒక్క సాకూ దొరకలేదు.